చెయ్యి తిరగని పిల్ల

"పులుసు కాసే గిన్నెలో ఇనపముక్కలు నానబెడతావేటే? ఇది ఇల్లా, తుక్కు సామాన్ల కొట్టా?" అంది మా అత్త సోములమ్మ. తొమ్మిదేళ్లుగా వారానికి రెండుసార్లయినా అనే మాటే అది. ఆ గిన్నెలో పులుసు కాసి ఎన్నేళ్లయిందో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. చింతపండు పిసికిన నీళ్లలో ఒక పూట ఉంచితే ఎంత మొండి తుప్పయినా మెత్తబడి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ఎర్రటి బురదలా జారిపోతుంది. అది నాకు ఎవరూ చెప్పలేదు. ఇత్తడి చెంబు తోముతూ నేనే కనిపెట్టుకున్నాను. మా ఆయన మాత్రం ఫోన్లో వీడియో తీసేటప్పుడు "ఇది మా తాతల నాటి రహస్యం" అని చెప్తాడు. ఆయన తాతలు చింతపండు దేనికి వాడారో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆయన సన్యాసిరావుకి అరకులో స్టేషన్‌కి వెళ్లే దారిలో ఫర్నిచర్ షాపు ఉంది. వాళ్లది ఎస్.కోట దగ్గర వడ్రంగుల ఇల్లు. చెక్కని నున్నగా గీకే కరెంటు మిషన్ వచ్చాక, చేత్తో పట్టే చిత్రికలు షాపులో మూలపడ్డాయి. తొమ్మిదేళ్ల కిందట బెంగుళూరు నుంచి వచ్చిన ఒక టూరిస్టు ఆ మూలనున్న ఇనప చిత్రికని చూసి, రెండు చేతులతో ఎత్తి, తిప్పి తిప్పి చూసి, అడిగినంత ఇచ్చి పట్టుకుపోయాడు. సరదాకి చెక్కపని నేర్చుకునేవాళ్లు పెద్ద ఊళ్లలో చాలామంది ఉన్నారనీ, పాత చిత్రికలంటే వాళ్లకి ప్రాణమనీ అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి మా ఆయన విశాఖపట్నంలో తుక్కు కొట్లన్నీ తిరిగి వాటిని గోనెసంచుల్లో తెస్తాడు. తెచ్చి వెనక వరండాలో పడేస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. మళ్లీ ఆయన పని మొదలయ్యేది వాటిని ఫోన్లో పెట్టి అమ్మడానికి వీడియో తీసే రోజునే.

మధ్యలో ఉన్నదంతా నాది. పొద్దున్న టిఫిన్లు, షాపులో పనివాళ్లకి టీ, అత్తకి వేణ్ణీళ్లు, మధ్యాహ్నం వంట అయ్యాక వరండాలో చాప వేసుకుని కూర్చుంటాను. ఎన్నో ఏళ్లుగా కదలని స్క్రూలకి కిరోసిన్ పోసి, రోజూ కాస్త కాస్త బతిమాలినట్టు తిప్పాలి. తొందరపడితే విరిగిపోతాయి. అద్దం పలక మీద గరుకు కాగితం అంటించి, చిత్రిక అడుగుభాగానికి పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి, దాన్ని ఆ కాగితం మీద ముందుకీ వెనక్కీ రుద్దాలి. గీతలన్నీ ఒక్కలా చెరిగిపోయాయంటే అడుగు సమంగా వచ్చినట్టు. ఒక మూల గీత మిగిలిందంటే అక్కడ పల్లం ఉన్నట్టు. ఒక్కోదానికి రెండు రోజులు, మూడు రోజులు రుద్దేదాన్ని. తర్వాత బ్లేడు వెనకవైపు అద్దంలా అయ్యేదాకా సానరాయి మీద నూరడం, అంచుకి పదును పెట్టడం, బ్లేడు మీద కూర్చునే మూత రేకుని అంచుకి వెంట్రుకవాసి దూరంలో బిగించడం. అన్నిటికన్నా అదే కష్టం. రవ్వంత ఎక్కువైనా చెక్క చిరుగుతుంది, తక్కువైనా గీకినప్పుడు లేచే పొట్టు లోపల ఇరుక్కుపోతుంది.

ఈ పని నాకు మా అయ్య దగ్గర వచ్చింది. డుంబ్రిగుడ అవతల మా ఊళ్లో నాగళ్లూ తలుపులూ, చర్చిలో బల్లలూ ఆయనే చేసేవాడు. పెద్ద చెక్క చిత్రికకి ముందు తాడు కట్టి నేను లాగితే, ఆయన వెనక నుంచి తోసేవాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. "థింసా ఆడే ముందు డప్పుని నిప్పు సెగకి పెట్టి బిగిత్తారు సూడు, ఇదీ అంతే. కంటితో కాదు, సెవితో బిగించాలి" అనేవాడు. సరిగ్గా బిగిసిన చిత్రిక చెక్క మీద నడుస్తుంటే పట్టుబట్ట చింపినట్టు ఒక సన్నటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విన్నాక ఇక ఏ వంకా పెట్టక్కర్లేదు. మా ఊరి బడికి కిటికీలు పెట్టడానికి వచ్చిన సన్యాసిరావు మా అయ్య దగ్గర నెల రోజులు పని చేశాడు, వెళ్తూ వెళ్తూ నన్ను అడిగాడు. ఎస్.కోటలో గుడిలో పెళ్లి. చర్చి వద్దన్నారు. కృపావతి అన్న పేరు కూడా మార్చాలన్నారు గానీ, పిలవడానికి బద్ధకమై ఊరుకున్నారు.

అత్తింట్లో అడుగు పెట్టిన మొదటి వారంలోనే ఒక ఉలి ముట్టుకున్నందుకు మా అత్త పెద్ద గొడవ చేసింది. వాళ్ల కులంలో ఆడది పనిముట్టు ముట్టకూడదట. ముడితే పని మాసిపోతుందట. తీరా గోనెసంచులు రావడం మొదలయ్యాక, నా చేతికి ఆ పని తెలుసని మా ఆయనకి గుర్తొచ్చాక, ఆవిడే దారి చూపించింది. "అది మన కులంది కాదు కదరా. కొండోళ్ల గుంట. దానికి దోసం లేదు" అంది. అలా నాకు పని దొరికింది. కానీ దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు, నేను తళతళలాడించిన చిత్రికలన్నీ పీట మీద పెట్టి బొట్లు పెట్టేటప్పుడు, "నువ్వు అవతలుండు" అంటుంది. నేను వంటింట్లో నిలబడి గంట చప్పుడు వింటాను.

మా ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, చెయ్యి చేసుకోడు. ఒకసారి నేను, "ఆ వీడియోలో నా సేతులు కనపడితే ఏటవుతాది?" అని అడిగితే నవ్వాడు. "గాజుల సెయ్యి సూత్తే ఎవుడు కొంటాడే? మగోడి పనిముట్టు అది" అన్నాడు. నేను బిగించిపెట్టిన చిత్రికని ఆయన కెమెరా ముందు ఒక్కసారి తోస్తాడు. ఉల్లిపొరలాంటి పొట్టు పైకి లేస్తుంది. దాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని దాని వెనకనుంచి నవ్వుతాడు. వీడియో కింద వందల మంది మాస్టర్, మాస్టర్ అని రాస్తారు. సోని సెలవులకి వచ్చినప్పుడు అవన్నీ నాకు చదివి వినిపించేది. అది మా కూతురు, ఒక్కతే. ఆరో తరగతి నుంచీ ఆశ్రమ పాఠశాల హాస్టల్లోనే చదివింది.

జనవరి మొదట్లో, మంచు చూడ్డానికి వచ్చిన జనంతో అరకంతా కిటకిటలాడుతున్న రోజుల్లో, నాకు దెబ్బ తగిలింది. ఆరు చిత్రికలు ఒకేసారి పార్సిల్ వెళ్లాలి. పొద్దుటినుంచి వేళ్లు చల్లటి నీళ్లలో కొయ్యబారి ఉన్నాయి. అప్పుడే పదును పెట్టిన బ్లేడు జారి కుడిచేతి బొటనవేలి మొదట్లో దిగింది. నొప్పి తెలియలేదు. సానరాయి మీద నీళ్లు ఎర్రబడితే తుప్పనుకున్నాను. ఆస్పత్రిలో కుట్లు వేసి, లోపల నరం తెగినట్టుంది, రెండు మూడు రోజుల్లో విశాఖపట్నం తీసుకెళ్లి చూపించమన్నారు. "ఈ పార్సిల్ ఎల్లిపోనీ" అన్నాడు మా ఆయన. మిగిలిన రెండూ నేను ఎడం చేత్తో పూర్తి చేశాను. పార్సిల్ వెళ్లింది. తర్వాత షాపుకి మంచాల ఆర్డరు వచ్చింది. తర్వాత సంక్రాంతి. మేం వెళ్లేసరికి మూడు వారాలు దాటింది. అక్కడి డాక్టరమ్మ నా వేలు వంచమంది. వంగలేదు. "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని ఆవిడ అడిగింది మా ఆయన్ని. ఆయన నా వంక చూశాడు, జవాబు నేను చెప్పాలన్నట్టు.

అప్పట్నుంచి నా బొటనవేలు కొయ్యముక్కలా నిలబడి ఉంటుంది. అన్నం కలుపుకోవడానికి నాలుగు వేళ్లు చాలు. జడ వేసుకోవడానికీ చాలు. కానీ పదును చూసేది బొటనవేలే, స్క్రూ ఎంత తిప్పాలో చెప్పేది అదే. గోనెసంచులు రెండు విప్పకుండా వరండాలో పడి ఉన్నాయి. మా ఆయన రోజూ వాటిని దాటుకుంటూ వెళ్లేవాడు.

మే నెలలో సోని పది పాసయింది. పాలిటెక్నిక్ పరీక్ష రాసింది, జూన్‌లో విశాఖపట్నంలో ఆడపిల్లల కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్ కూడా. ఆ కాగితం పట్టుకుని అది షాపు దాకా పరిగెత్తుకెళ్లింది. మా ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అన్నాడు.

"ఈ యేడు ఆగితే ఏటి? సీటు ఎక్కడికి పోద్ది? మీ అమ్మ పని నువ్వు నేరుసుకో. సదువుకున్నోళ్లు కూడా లచ్చలు పోసి ఈ పని నేరుసుకుంటన్నారు."

సోని ఏడేళ్లప్పుడు చిత్రిక ముట్టుకుందని చెయ్యి మీద కొట్టిన మా అత్త, ఇప్పుడు వడ్డిస్తున్న నా వంక చూస్తూ, "సగం కొండోళ్ల రత్తమే కదా దానికీ. పరవాలేదు" అంది. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక శాస్త్రం తయారుగా ఉంటుంది.

"కాలేజీలో వచ్చే వారం శుక్రవారంలోగా చేరాలి, లేకపోతే సీటు పోతాది నాన్నా" అంది సోని.

"అంతవరకూ పది రోజులుంది కదా. ఒక్క చిత్రిక సెయ్యి. వొచ్చిందా, ఉండిపో. రాలేదా, ఎల్లిపో. వీడియోలు సూసి అడిగిన బెంగుళూరు ప్రశాంత్ సారు ఆ ఆదివారం వొత్తన్నాడు, ఆయనకి ఇవ్వాల."

ఆయన దాన్ని న్యాయమైన బేరం అనుకున్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను అడగలేదు.

ఆ పది రోజుల గురించి నిజం చెప్పాలి. నేను సంతోషపడ్డాను. నోరు నాది, చేతులు దానివి. వానలకి కొండలు కనపడని మధ్యాహ్నాల్లో ఇద్దరం చాప మీద ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. "ఒత్తకు, దాని బరువు దాన్నే మొయ్యనియ్యి" అనేదాన్ని. ఒక్కసారి చెప్తే చాలు. పెన్సిల్ గీతలు చెరుగుతుంటే దాని ముఖం వెలిగిపోయేది. నాలుగో రోజున అది కళ్లు మూసుకుని బ్లేడు నూరడం చూశాను. "కళ్లు మూసుకుంటావేటే, వేలు పోతాది" అంటే, "కళ్లు తెరిస్తే చప్పుడు వినపడట్లేదమ్మా" అంది. ఆ మాట నేను నేర్పలేదు. మా అయ్య పోయాక పుట్టిన పిల్ల. ఇన్నేళ్లుగా నేను ఎవరికీ చూపించలేకపోయినది దాని చేతుల్లో ఉంది. నాకన్నా ఎక్కువే ఉంది. ఒక తల్లికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. అనుకున్న మరుక్షణం భయం వేసింది.

బుధవారం మధ్యాహ్నానికి చిత్రిక సిద్ధమైంది. మా ఆయన కర్ర బేరానికి వెళ్లాడు, మూడింటికి వస్తానన్నాడు. సోని ఆఖరి స్క్రూ బిగించి, తోసి చూడ్డానికి సిల్వర్ ఓక్ చెక్క పలకని వరండాలోని పనిబల్లకి బిగిస్తుండగా వాన అందుకుంది. పెరట్లోంచి మా అత్త పిలిచింది. "ఒలే గుంటా, బట్టలు తడిసిపోతన్నాయి, బేగి రా." సోని పరిగెత్తింది.

చిత్రిక బల్ల మీద ఉంది. ఎడం చేత్తో వెనకపిడి పట్టుకుని, కుడి అరచెయ్యి ముందు ఆనించి, ఒక్కసారి తోశాను.

ఆ చప్పుడు వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట తాడు లాగుతూ విన్న చప్పుడు. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగకుండా ఒకటే పొట్టు, పొగలా లేచి నా మణికట్టు మీద వాలింది. కిటికీకి అడ్డం పెట్టి చూస్తే అవతల వాన ధారలు కనిపించాయి. తొమ్మిదేళ్లలో నేను ఇంత సన్నం తియ్యలేదు.

మా ఆయన ఇది చూస్తే ఏం జరుగుతుందో నాకు అక్షరం అక్షరం తెలుసు. సీటు కాగితం ఆయన జేబులోనే నానిపోతుంది. ఈ యేడు అన్నది వచ్చే యేడు అవుతుంది. సోని ఈ చాప మీద కూర్చుంటుంది, దాని పొట్టుని ఆయన ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతాడు, కింద వందల మంది మాస్టర్ అని రాస్తారు. దసరాకి అది నా పక్కన వంటింట్లో నిలబడుతుంది. ఒకరోజు బ్లేడు జారుతుంది. ఆ రోజు కూడా ఏదో ఒక పార్సిల్ ఉంటుంది.

పొట్టుని పొయ్యిలో వేశాను. చిటుక్కుమని కూడా అనలేదు. తిరిగొచ్చి, స్క్రూ వదులు చేసి, బ్లేడు బయటికి తీసి, దాని అంచుని బల్లకున్న ఇనప పట్టీకి తాటించాను. ఒకసారి, మరోసారి. కంటికి ఆనని నొక్కులు రెండు పడ్డాయి. మూత రేకుని గింజంత వెనక్కి జరిపి మళ్లీ బిగించాను.

మా ఆయన వచ్చి, తల తుడుచుకుని, చిత్రిక అందుకున్నాడు. సోని గుమ్మంలో తడిబట్టల మోపుతో నిలబడిపోయింది. ఆయన తోశాడు. కటకటలాడుతూ ఎగిరెగిరిపడి, పలక మీద చీరుకుపోయిన గీతలు పెట్టింది. ఇంకోసారి తోశాడు. అంతే.

"ఏటిది?" అన్నాడు.

"నేను అమ్మ చెప్పినట్టే చేశాను నాన్నా. సరిగ్గానే..." అంటూ సోని నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు."

"చెప్పడానికేటుంది. పది రోజుల బట్టి సూత్తన్నాను" అన్నాను. నా గొంతు నాకే మా అత్త గొంతులా వినపడింది. "దీని చెయ్యి తిరగదు. సెప్పింది ఎక్కదు, దుడుకు. ఇది పట్టిన ప్రతి చిత్రికా ఎనక్కొచ్చేత్తాది. ఆ తరవాత మీ పేరే పోద్ది."

పేరు అన్న మాట పనిచేసింది. ఆయన చిత్రికని బల్ల మీద పెట్టేసి, జేబులోంచి మడత కాగితం తీసి సోని వైపు విసిరాడు. "పోనీ, సదూకో అయితే. ఏ పనీ రానోళ్లకి సదువే గతి" అన్నాడు. మా అత్త లోపల్నుంచి, "కొండరత్తం ఎక్కడికి పోద్దీ" అంది. సోని వంగి కాగితం తీసుకుంది. తీసుకుంటూ నా ముఖంలోకి చూసింది. గెలిచిన పిల్ల చూపు కాదది. సీటొచ్చిందని షాపుకి పరిగెత్తిన పిల్ల కాదు.

గురువారం రైల్లో నేనే తీసుకెళ్లాను. బొర్రా దాటాక సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. టూరిస్టు పిల్లలు ప్రతి సొరంగంలోనూ కేకలు పెడుతున్నారు. సోని కిటికీ పక్కన కూర్చుని తన వేళ్లు చూసుకుంటోంది. గోళ్ల సందుల్లో ఇనప నలుపు ఇంకా పోలేదు. ఒక సొరంగంలో, చీకట్లో, దాని గొంతు వినపడింది.

"అమ్మా, నాకు నిజంగా రాదా?"

వెలుగులో అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్నేమో. నిన్న ఆ పొట్టు చూశానని చెప్తే ఇది వచ్చే స్టేషన్లోనే దిగి వెనక్కి వచ్చేస్తుంది, నాన్నకి చూపించడానికి. దానికి వాళ్ల నాన్నంటే అంత ఇష్టం.

"రాదు" అన్నాను.

"ఒక్కసారన్నా బాగా వస్తుందనుకున్నాను."

"రాదే. సదువుకో."

రైలు వెలుగులోకి వచ్చేసరికి అది కిటికీ వైపు తిరిగిపోయి ఉంది. శుక్రవారం కాలేజీలో చేర్చాను. శనివారం పొద్దున్న హాస్టల్ గేటు దగ్గర "వెళ్లొస్తానమ్మా" అంది, పొరుగింటావిడకి చెప్పినట్టు. సంచీ భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అది లోపలికి వెళ్లింది, అది చాలు అని నాకు నేను చెప్పుకున్నాను. చాలలేదు. అయినా ఆ మాటే చెప్పుకుంటూ బస్సెక్కాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాడైన చిత్రిక నా చాప మీద పెట్టి ఉంది. మా ఆయన చెప్పను కూడా చెప్పలేదు. నేను వచ్చానంటే అది బాగుపడుతుందని ఆయన లెక్క. ఎడం చేత్తో మెల్లగా నూరుకుంటే ఆదివారానికి అయిపోయేది. చాప పక్కనుంచి నడిచి వెళ్లి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

ఆదివారం పదింటికి ప్రశాంత్ అనే అతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు. మాస్టర్ పని చేసే చోటు చూడాలని సరదాపడి వెనక వరండాలోకే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అత్త కాఫీ తెచ్చింది. మా ఆయన నవ్వుతూ చిత్రిక ఎత్తి, బ్లేడు వెలుతురుకి పెట్టి చూసి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏటే, అలాగే ఉన్నాది? సారు కాఫీ తాగీలోపు బేగి సరిసెయ్యి."

"నా చెయ్యి తిరగదు" అన్నాను. గొంతు తగ్గించలేదు. "మీరు సెయ్యండి."

ఆయన మళ్లీ నవ్వాడు, అతని కోసం. బల్ల దగ్గరికి వెళ్లి స్క్రూ తిప్పాడు, తిప్పకూడని వైపు. తోశాడు. పలక చీరుకుపోయింది. ఇంకా తిప్పాడు. ఈసారి చిత్రిక కదలనే లేదు. ప్రశాంత్ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. "బ్లేడు ఎక్కువ దిగినట్టుంది మాస్టర్" అన్నాడు మెల్లగా. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడోసారి తోసి, ఆగి, ఎవరున్నారో మర్చిపోయి నా మీద అరిచాడు.

"తొమ్మిదేళ్ల బట్టి అన్నీ నువ్వే సేసినావు కదే. నాకేటి తెలుసు దీని సంగతి?"

అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ప్రశాంత్ గ్లాసు కింద పెట్టి, మొదటిసారి నా వైపు, నా చేతుల వైపు చూశాడు. "ఇవన్నీ మీరు చేశారా అమ్మా?" అన్నాడు.

"నేనే చేశాను" అన్నాను. "ఇంక చెయ్యను."